వంద దాటిన తెలుపు

గడియారం సెంటర్ల, విత్తనాలు ఎరువుల దుకాణం మీద
మా స్టూడియో.
మెట్లెక్కుతుంటె పురుగుమందు వాసన,
తలుపు తీస్తె వేడెక్కిన తీగల వాసన.
గోడలకు బూడిద రంగు, కిటికీకి నల్లగుడ్డ.
నల్లగొండల పొద్దు పొడిచిన సంగతి
ఈ అర్రకు తెల్వది.

మానిటర్ వెలిగిచ్చి అరగంట ఆగాలె.
"పెనం కాగకముందే పిండి పోస్తరా?" అనేటోడు
సలీముద్దీన్ సాబ్, నాకు ఈ పని నేర్పినాయన.
ఆ తర్వాతనే రంగుపట్టీలు.
నీలం ఒక్కటి ఉంచి మిగిలినయి ఆర్పి
పక్కపక్క పట్టీలు ఒక్క తీరు వెలిగేదాక
మీట తిప్పుడు, వెంట్రుకవాసి, మళ్ల వెంట్రుకవాసి.
కింద మూలకు మూడు నల్లగీతలు.
రెండు ఒకదాంట్ల ఒకటి కలిసిపోవాలె,
మూడోది
ఉన్నదా లేదా అన్నట్టుండాలె.
"కన్నును నమ్మకు బేటా,
దానికి దేనికైనా అలవాటైతది."

నమ్మలే. పదహారేండ్లు గీతనే నమ్మిన.

మొన్న హైదరాబాద్ నుంచి ఫైలు వాపసొచ్చింది.
చండూరు దిక్కు పత్తి చేన్ల మీద
మేం తీసిన ఇరవై రెండు నిమిషాలు.
కారణం ఒక్కటే లైను:
తెలుపు వంద దాటింది.

దాటదా మరి.
కార్తీకం ఎండ, మిట్టమధ్యాహ్నం,
సాలు పొడుగూతా పగిలిన పత్తి.
వేవ్‌ఫామ్‌ల వంద గీత మీదికెక్కి కూసున్నది,
బోరెం కుట్టినంక బయటికి పొంగిన దూది లెక్క.
కిందికి గుంజిన.
పత్తి దిగింది. దాంతోని
పత్తి ఏరే ఈదమ్మ మొఖం గూడ దిగింది,
కండ్లు లేవు, ముక్కుపుల్ల లేదు,
కొంగు జోలె కట్టిన ఒక నీడ మిగిలింది.
మొఖం లేపితె పత్తి మళ్ల వంద దాటె.

కౌలుకు చేసిన చేనది.
కొనుగోలు కేంద్రందాక ఆమె వెంట కెమెరాతోని పోయినం.
ఒకాయన మిషిను సూది బోరెంల గుచ్చిండు.
"పద్నాలుగు. పన్నెండు దాటింది."
ఆమె దూది పిడికిట్ల పట్టి పిసికి
"ఏడున్నదయ్యా తడి" అన్నది.
ఆయన మళ్ల గుచ్చిండు. పద్నాలుగే.
ఆ షాటు గూడ వాపసొచ్చిన ఫైల్లనే ఉన్నది,
రేకుల కింద, నలభై సెకన్లు.
దాంట్ల తెలుపు వంద లోపలనే ఉన్నది.

మూడు రాత్రులు కూసున్న.
పత్తిని తొంభై ఎనిమిదికి వంచిన,
విరగకుంట, పింజ పింజ కనపడేటట్టు.
ఆమె మొఖం చుట్టు గుండ్రం గీసి
అంతమట్టుకే లేపిన.
వెక్టర్‌స్కోప్‌ల చర్మానికి ఒక గీతుంటది,
ఏ మనిషైనా ఆ గీత పొంటనే నిలవడ్తడు.
ఈదమ్మ గూడ అక్కడ్నే నిలవడ్డది.
తెల్లగ చెయ్యలే. చెయ్యొచ్చు,
పెండ్లి వీడియోలల్ల అందుకే పైసలిస్తరు.
నీడలను మాత్రం మూడు పాయింట్లు లేపిన,
ఆ మూడో నల్లగీత అంత.

ఫైలు పాసైంది.

ఎరువుల బాకీ కట్టనీకి దుకాణానికొస్తె
ఈదమ్మను పైకి తీస్కొచ్చి చూపెట్టిన.
పత్తి దిక్కు చూడలే, తన మొఖం దిక్కు చూడలే.
తెర మీదికి వంగి
చెట్ల మొదట్ల చీకట్ల వేలు వెట్టింది.
"గదే! నా సిల్వరు టిఫిను.
గా దినం ఎంత దేవులాడిన!
ఎవలో ఎత్కపోయిన్రనుకుంటి."

మూడు రాత్రులు నేను చూసిన ఫ్రేమది.
మూత మీద సన్నటి వెలుగు, గంతే.

"ఇప్పుడేడిది, కట్టె పీకి దున్నిచ్చిన్రు" అని
తెర మీద తన వేలి మరకను
కొంగుతోని తుడిచింది.